కొట్టు ఫోను

ఆ తెల్లగీత కదులుతోందో లేదో హిమబిందుకు తేలడం లేదు. కన్నార్పకుండా చూస్తే నిలబడిపోయి ఉంటుంది. గోడకు వేలాడుతున్న రంగురంగుల ఫోను కవర్ల వైపు ఒకసారి చూసి మళ్లీ దాని దగ్గరికి వస్తే చీమ తలంత జరిగినట్టు అనిపిస్తుంది, జరిగిందని సంబరపడేలోపే జరగలేదేమో అనిపిస్తుంది. అద్దాల బల్లకు అవతల అక్రం ఆమె ఫోనుకు వైరు తగిలించి కంప్యూటరుకు కలిపి, తను మాత్రం మిరపకాయ బజ్జీల పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. నల్లటి తెర, మధ్యలో కంపెనీ బొమ్మ, దాని కింద ఆ గీత. మధ్యాహ్నం నుంచీ అంతే. పొద్దున ఫోను ఎంత మర్యాదగా అడిగిందని! కొత్తది వచ్చింది, ఇప్పుడే అప్‌డేట్ చేసుకుంటారా అంది. కొత్తది అంటే హిమబిందు దేన్నీ కాదనలేదు. వైశాఖంలో పెళ్లయి నరసరావుపేట వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నీ కొత్తవే, అన్నీ ముద్దొచ్చేవే. మేడ మీది కిటికీలోంచి కనిపించే పిడుగురాళ్ల సున్నం లారీలు, పాలగిన్నె మీద అత్తయ్య కృష్ణవేణి బోర్లించే చిల్లుల మూత, కింద కిరాణా కొట్లోంచి మెట్లెక్కి వచ్చే జీలకర్ర వాసన, మొగుడి చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో దొరికే ఎండుద్రాక్షలు. ఫోను కూడా కొత్తదైతే ఇంకేం కావాలి అని నొక్కేసింది. వైఫై డబ్బా కింద కొట్లో ఉంటుంది, దాని బలం మెట్లెక్కి పైకి రాదు, అందుకని కొట్టు వెనక గోడౌన్లో బెల్లం దిమ్మెల మీద ఫోను పెట్టి, ప్లగ్గులో వైరు గుచ్చి, పైకి వెళ్లి దొండకాయలు తరిగింది. భోజనానికి కొట్టు కట్టేటప్పుడు మామయ్య వెంకటసుబ్బయ్య ఎప్పటిలాగే గల్లాపెట్టెను తాకి కళ్లకద్దుకుని మెయిన్ దించేశారు. ఆయన్ను అనడానికేం లేదు, ఆమె పుట్టకముందు నుంచీ దించుతున్నారు. కాలేజీ రోజుల నాటి ఫోను, బ్యాటరీ పుచ్చిపోయింది, వైరు తీస్తే ఉసూరుమంటుంది. సగం కొత్తదై, సగం పాతదై, మధ్యలో ప్రాణం పోయింది. పైకి తెచ్చి ప్లగ్గులో పెడితే ఈ బొమ్మ చూపిస్తూ కూర్చుంది. అడిగి మరీ ఒప్పించుకుని ఇలా చేయడం ఏం మర్యాద?

"అక్కా, రెండు దార్లు," అన్నాడు అక్రం ఇందాక, వైరు తగిలిస్తూ. "ఒకటి, లోపల ఉన్నది ఉన్నట్టు ఉంచి మీద మళ్లీ కొత్తది ఎక్కించటం. ఎక్కితే నీ సామానంతా నీకుంటది. ఎక్కకపోతే రెండోది, మొత్తం తుడిచి కడిగిన పళ్లెంలాగా ఇచ్చేస్తా."

"ఎక్కుద్దా అన్నా?"

"నిన్న ఒకటి ఎక్కింది. మొన్నొకటి ఎక్కలా. దాని మనసులో ఏముందో మనకేం తెలుసు! పెళ్లి ఫోటోలా?"

పెళ్లి ఫోటోలు కాదని తల ఊపింది. పెళ్లి ఫోటోలు ఆల్బంలో ఉన్నాయి, మాచర్లలో పుట్టింట్లో ఒకటి, ఇక్కడొకటి, గేదె దూడంత బరువు. మరేంటి అని అక్రం అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు కూడా. మాటలు అని చెప్పాలి. మాటలే అన్నా, ఆషాఢం మాటలు. మెయిల్లోకి అన్నీ వాటంతట అవే పోతాయి కదా అని అక్రం అన్నప్పుడు, జాగా నిండిపోయిందని అది పెళ్లికి ముందు నుంచీ మొత్తుకుంటుంటే తర్వాత చూద్దాంలే అని పక్కకు తోసిన సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆషాఢం వస్తోందని అందరికీ తెలుసు, కొత్త కోడలు అత్తగారితో ఒకే గడప దాటకూడదని, పుట్టింటికి వెళ్లాలని, ఆ నెలంతా మొగుడు అటు రాకూడదని తెలుసు. తెలిసినా అమావాస్య ముందు రోజు నాన్న వచ్చి బస్సెక్కిస్తే ఏదో తప్పు చేసి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. మొగుడు మురళీధర్ బస్టాండుకు వచ్చాడు, కిటికీ పక్కన నిలబడి నాన్నతో పెసల ధర మాట్లాడాడు, ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు, బస్సు కదిలాక మాత్రం కిటికీలోంచి ఒక పొట్లం ఒళ్లోకి విసిరాడు. ఎండుద్రాక్ష. పిడుగురాళ్ల దాటేదాకా ఒక్కొక్కటే తింది, సున్నం దుమ్ము పడిందని నాన్న అద్దం మూశాడు, దుమ్ము వల్లే కళ్లల్లో నీళ్లని ఆమె కూడా అంది. ఆ రాత్రే మొదటి మాట పంపింది. ఫోను చేస్తే ఇంట్లో వింటారు, అక్కడ కొట్లో జనం ఉంటారు, అందుకని దాబా మీదికి వెళ్లి ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని గుసగుసగా రికార్డు చేసి పంపించేది. అతను తీరిక చూసుకుని విని, తీరిక చూసుకుని బదులు పంపేవాడు. అలా నెలంతా. పక్కింటి దాబా మీద నెమలి దిగిన సంగతి. గోరింటాకు అన్ని వేళ్లకూ పండి ఉంగరం వేలికి మాత్రం పండకుండా వెక్కిరించిన సంగతి. ఎత్తిపోతల జలపాతం జల్లు మొహం మీద పడితే బొట్టు కారి ముక్కు మీదికి వచ్చిన సంగతి. కొత్త కాపురం సంగతులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి సిగ్గుపడిన వాళ్లిద్దరూ ఆ నెలలోనే మొగుడూ పెళ్లాలయ్యారని ఆమె నమ్మకం. ఇలాంటి నమ్మకాలు ఆమెకు చాలా ఉన్నాయి.

ఒకటి మాత్రం ఎవరూ వినకూడనిది. ఒక రాత్రి మెలకువ వచ్చింది. పుట్టినప్పటి నుంచీ పడుకున్న గది, అదే మంచం, అదే కిటికీ. చీకట్లో దీపం వేద్దామని చెయ్యి కుడివైపు గోడ మీద తడిమింది. అక్కడ ఏమీ లేదు. ఆ ఇంట్లో స్విచ్చి ఎడమవైపు ఉంటుంది, ఎప్పుడూ ఎడమవైపే ఉంది. కుడివైపు ఉండేది నరసరావుపేట మేడ మీది గదిలో. చెయ్యి గోడ మీదే పెట్టుకుని కాసేపు అలా ఉండిపోయి, తర్వాత దుప్పటి ముసుగులో ఫోను తీసుకుని ఈ సంగతి అతనికి చెప్పింది. నేను మీ ఇంటిదాన్నైపోయానండీ, నాకు తెలియకుండానే, నా చెయ్యికి ముందు తెలిసింది అంది. పొద్దున్నే అతని బదులు వచ్చింది, గొంతు బొంగురుగా, నిద్రమొహం గొంతు. "బిందూ, దీన్ని మాత్రం చచ్చేదాకా దాచుకుంటా. రాత్రి పడుకునేముందు మళ్లీ వింటా." మర్నాడు అడిగితే విన్నానన్నాడు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు అనేవాడు, రాత్రి నీ మాటలన్నీ మళ్లీ విన్నా అని. శ్రావణంలో తిరిగొచ్చాక ఎదురుగా కూర్చుని ఆ స్విచ్చి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, అది రెండు చోట్ల భద్రంగా ఉంది.

రెండు చోట్ల! చప్పున నిటారుగా కూర్చుంది. ఎంత పిచ్చిది తను, ఇంతసేపూ ఆ గీతను చూసి గుండెలు బాదుకుంటోంది. ఈ ఫోను పోతే పోయింది, అతని ఫోన్లో ఉన్నాయి కదా, ఆమె పంపినవీ, అతను పంపినవీ, నెమలీ, గోరింటాకూ, స్విచ్చీ, అన్నీ. నవ్వొచ్చింది. అప్పటికప్పుడు అతని గొంతు వినాలనిపించింది. "అన్నా, ఒక్కసారి నీ ఫోనిస్తావా, మా ఆయనకు చేస్తా," అంది. అక్రం నూనె వేళ్లు కాగితానికి తుడుచుకుని ఇచ్చాడు. తీసుకున్నాక తెలిసింది, మొగుడి నంబరు ఆమెకు రాదు. నాన్న నంబరు వచ్చు, కాలేజీలో పక్క బెంచీ వెన్నెల నంబరు ఇప్పటికీ వచ్చు. అతని నంబరు పేరు వెనక దాక్కుని ఉండేది. "మొగుడి నంబరు తెలీదా! ఈ కాలపు పిల్లలు," అని అక్రం నవ్వాడు, అతనూ ఈ కాలపువాడే. ఒళ్లోని గుడ్డసంచి మీద చూపు పడింది. పసుపు సంచి, ఎర్ర అక్షరాలు, శ్రీ త్రికోటేశ్వర ట్రేడర్స్, కిరాణా హోల్‌సేల్, నరసరావుపేట, దాని కింద నంబరు. అదే అతని నంబరు. ఇంట్లో అతనికి వేరే ఫోను లేదు, ఆర్డర్ల కోసం ఊళ్ల లైనుకు వెళ్లినా అదే, కొట్లో ఉన్నా అదే, అందరూ దాన్ని కొట్టు ఫోను అంటారు. ఊరందరి సంచుల మీదా అచ్చేసి ఉన్న నంబరు. దాన్ని చూసి నొక్కింది.

"నమస్తే, త్రికోటేశ్వర ట్రేడర్స్."

"నేనేనండీ."

"చెప్పండమ్మా, ఏ ఊరు?"

"నేనండీ, బిందుని!"

అవతల నవ్వు, వెనక లారీ హారను. ఇవాళ చిలకలూరిపేట లైను. "ఏంది బిందూ, ఎవరి నంబరిది?" అన్నాడు. ఫోను సంగతి చెప్పింది, మెయిన్ సంగతి చెప్పింది, బెల్లం దిమ్మెలు చెప్పింది, అతను మళ్లీ నవ్వాడు. అన్నీ తుడిచెయ్యాల్సి వస్తుందేమో అన్నాడండీ అక్రం, అయినా భయం లేదు, మన ఆషాఢంవి మీ దగ్గర ఉన్నాయిగా అంది. నవ్వు ఆగింది.

"అంటే... బిందూ, అయ్యి... నా దగ్గర ఉండవే."

"ఉండవంటే?"

"కొట్టు కట్టేటప్పుడు తుడిచేస్తాంగా రోజూ. నీకు తెలుసుగా."

"అవి ఆర్డర్లు కదండీ."

"ఆర్డర్లతో పాటే. అన్నీ ఒక్కసారి సెలెక్టు చేసి కొట్టేస్తా. నాన్న పక్కనే నిలబడతాడు, నీ ఒక్కదాన్నే ఉంచితే ఇదేంది మిగిలిపోయిందని తెరిచి పెడితే ఏం చెయ్యాల? ... బిందూ? ఉన్నావా? నేను వస్తున్నా, అక్కడే ఉండు."

ఫోను అక్రంకు తిరిగి ఇచ్చేటప్పుడు చెంగుతో తుడిచి ఇచ్చింది. నీకు తెలుసుగా అన్నాడు. తెలుసు. ఎందుకు తెలియదు, రోజూ చూస్తూనే ఉంది. ఎప్పుడో వినుకొండ షాపు ఆర్డరు ముందు రోజుది చూసుకోకుండా మళ్లీ వేసేశారట, రెండు సార్లు జీలకర్ర దిగిందట, వాళ్లు తిప్పి పంపారట. అప్పటి నుంచీ వెంకటసుబ్బయ్య గారి పద్ధతి అది. రాత్రి కొట్టు ఊడ్చి, నీళ్లు చిలకరించి, అగరొత్తి వెలిగించి, "అన్నీ దిగినయ్యా? అయితే తుడిచెయ్," అంటారు, మురళీధర్ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. తెర తెల్లగా అయిపోతుంది. భోజనానికి పిలవడానికి మెట్ల మీదికి వచ్చి అది చూసి ఎంత ముచ్చటపడిందో! కొట్టు ఊడ్చినట్టే ఫోనూ ఊడుస్తారే మా ఇంట్లో అని వెన్నెలకు చెప్పి నవ్వింది కూడా. ఆ ఊడ్పులో తనూ ఉంటుందని ఎందుకు తోచలేదు? చింతపండు రెండు బస్తాలు సత్తెనపల్లి, పల్లీనూనె డబ్బాలు గురజాల, స్విచ్చి కోసం కుడివైపు తడిమిన చెయ్యి మాచర్ల. అన్నీ దిగినయ్యా? అయితే తుడిచెయ్. తుడవమన్నది మామయ్య, సరే, పెద్దాయన, ఆయనకు తెలియదు. వేలు మాత్రం అతనిది. నెలంతా, రోజూ, చింతపండుతో పాటు.

తుడిస్తే తుడిచాడు. చెప్పి ఉంటే తనే నవ్వేది, అయ్యో మామయ్య చూస్తారేమో తుడిచెయ్యండి అని తనే అనేది. మరి పడుకునేముందు మళ్లీ వింటున్నా అన్నది ఎవరు? కొట్టు కట్టాక కదా పడుకునేది. తుడిచాక కదా పడుకునేది. ఖాళీ ఫోను చెవికి పెట్టుకుని ఏం విన్నాడు? చిన్న సంగతి, చాలా చిన్నది, కానీ దాన్ని పట్టుకుని లాగితే నెలంతా ఊడి చేతిలోకి వస్తోంది. నెమలి సంగతి గుర్తుందా అని ఒకసారి అడిగితే, ఏ నెమలి అన్నాడు, అని వెంటనే నవ్వాడు, ఏడిపిస్తున్నాడనుకుని ముద్దుగా విసుక్కుంది. ఏడిపించడం కాదు. గోరింటాకు ఏ వేలికి పండలేదో చెప్పండి చూద్దాం అంటే, అన్ని వేళ్లకీ పండింది నీకు, బంగారు చేతులు అన్నాడు. ఎంత పొంగిపోయింది! తెలియక చెప్పిన మాటకు పొంగిపోయింది. బయట రోడ్డు మీద కొత్త జంట ఒకటి సోడాబండి దగ్గర ఒకే గ్లాసులో తాగుతోంది, మామూలుగా అయితే వాళ్లను చూసి కడుపు నిండేది. అమ్మాయి తాగి ఇస్తుంటే అతను గ్లాసు తిప్పి ఆమె పెదాలు తగిలిన వైపే తాగుతున్నాడు. దాచుకుంటా అని చెప్పి ఉంటాడు. దాచుకుంటా అన్నప్పుడు వాళ్లు అబద్ధం చెప్తున్నామని కూడా అనుకోరేమో, ఆ క్షణానికి నిజంగానే దాచుకుంటారేమో, కొట్టు కట్టే వేళ దాకా.

"అక్కా, ఆగిపోయింది," అన్నాడు అక్రం.

గీత పోయింది. కంప్యూటరులో ఎర్ర అక్షరాలేవో వచ్చాయి. అక్రం వైరు ఊడబీకి, ఊది, మళ్లీ పెట్టి, తల గోక్కున్నాడు. "పట్టటంలా. తుడిచెయ్యమంటావా? నువ్వు ఊఁ అంటే ఐదు నిమిషాల పని."

ఊఁ అందామనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ లేనిది ఇక్కడ మాత్రం ఎందుకు? అతని వైపు ఖాళీ, ఆమె వైపు మాత్రం మూట కట్టుకుని కూర్చోవడం ఎవరి కోసం? ఇక్కడా తుడిచేస్తే ఇద్దరూ సమానమవుతారు. ఆషాఢం జరగనే లేదు. ఇంటికి పోయి కొత్త ఫోను కొనుక్కోవచ్చు, అతనే కొనిస్తాడు, ఎప్పటి నుంచో కొనిస్తానంటున్నాడు, తనే వద్దంటోంది ఇందులో అవి ఉన్నాయని. బజ్జీల నూనె వాసన, ఫ్యాను కిర్రుమంటోంది, అక్రం వేలు మౌసు మీద ఆగి ఉంది. మళ్లీ వేలే. మొగుడి గొంతు పోతే పోయింది, అందులో ఉన్న అబద్ధాలతో సహా పోనీ. కానీ అక్కడ దాబా మీద గుసగుసగా మాట్లాడిన పిల్ల ఎక్కడికి పోవాలి? దానికి ఇక ఈ ఒక్క చోటే ఉంది. దాన్ని కూడా తనే ఊఁ అని తుడిపించాలా?

"ఇంకోసారి చూడన్నా," అంది. "వేరే వైరు పెట్టి చూడు."

అక్రం గొణుక్కుంటూ సొరుగులో వెతికి ఇంకో వైరు తెచ్చాడు. మళ్లీ బొమ్మ, మళ్లీ గీత. ఈసారి ఆమె దాన్ని చూడలేదు. సంచి మీది ఎర్ర అక్షరాలు చూస్తూ కూర్చుంది. ఎంతసేపో తెలియదు, సోడాబండి వెళ్లిపోయింది, బడి వదిలిన పిల్లల ఆటోలు వెళ్లిపోయాయి. "ఓర్నీ!" అన్నాడు అక్రం. తల ఎత్తితే తెర మీద ఆమె పెళ్లిబట్టలు, పక్కన అతని సగం మొహం. ఎప్పుడూ ఉండే ఫోటోనే. ఏమీ జరగనట్టు. తీసుకుని తెరిచింది. అన్నీ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, ఆషాఢం మొత్తం. అన్నింటికన్నా కింద ఈ పొద్దుటిది. ఫోను కొత్తదవబోయే ముందు గోడౌన్లో నిలబడి చెప్పింది, అప్పుడు నెట్టంతా ఆ కొత్తదాన్ని దించుకోవడంలో మునిగి ఉంది, దాని పక్కన చిన్న గడియారం గుర్తు, ఇంకా వెళ్లలేదని. వైఫై ఉందిగా అని ఫోన్లో నెట్టు వేయించుకోవడం మానేసి చాలా రోజులైంది. దాన్ని వదిలేసి పైకి జరిగింది. అతనివి ఒక్కటీ నొక్కలేదు. తనది నొక్కింది, స్విచ్చిది, చెవికి ఆనించుకుంది. తన గొంతు తను ఎప్పుడూ వినలేదు. ఇంత చిన్నగా ఉంటుందా? ఇంత నమ్మకంగా ఉంటుందా? ఎవరి పిల్లో పాపం అనిపించింది, దగ్గరికి తీసుకుని, ఎందుకే అన్నీ చెప్పేస్తావు అని అడగాలనిపించింది.

బండి చప్పుడు. మురళీధర్ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు, జుట్టు చెమటకు అతుక్కుపోయి, చిలకలూరిపేట నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినట్టున్నాడు. చేతిలో ఎండుద్రాక్ష పొట్లం. "వచ్చిందా?" అన్నాడు ఆమె మొహంలోకి చూడకుండా.

అక్రం నోరు తెరిచేలోపే ఆమె అంది, "ఫోను వచ్చింది. అందులోవి పోయాయి. అన్నీ."

అక్రం ఆమెను చూశాడు, అతన్ని చూశాడు, బజ్జీల పొట్లం మడిచి చెత్తబుట్టలో వేశాడు. ఆమె మాత్రం మొగుడి మొహాన్నే చూసింది. బాధ వచ్చింది అతని మొహంలోకి, కాదనలేం. కానీ దానికి ముందు ఇంకొకటి వచ్చి వెళ్లింది, భుజాలు అంగుళం కిందికి దిగాయి, బరువు దింపుకున్న హమాలీలాగా. "పోతే పోయినయ్‌లే బిందూ," అన్నాడు మెత్తగా. "మనిద్దరం ఉన్నాంగా. మళ్లీ చెప్పుకుందాం." ఎండుద్రాక్ష ఆమె చేతిలో పెట్టాడు. చెయ్యి చాచి తీసుకుంది. తినలేదు.

బండి మీద ఎప్పుడూ అతని భుజం పట్టుకుంటుంది. ఇవాళ వెనక ఉన్న ఇనపకడ్డీ పట్టుకుంది. గడియార స్తంభం దగ్గర అతను ఏదో అన్నాడు, గాలికి వినపడలేదు, వినపడనట్టే ఉంది. కొట్టు ముందుకొచ్చి ఆగారు. మామయ్య సాయంత్రానికి షట్టరు ఎత్తి, మెయిన్ వేసి, గడప మీద నీళ్లు చల్లుతున్నారు. లోపల వైఫై డబ్బా మీద పచ్చదీపాలు మిలమిలలాడాయి. ఆమె దిగింది. సంచిలో ఫోను ఒకసారి సన్నగా వణికింది. అతని చొక్కా జేబులో టింగుమంది.

ఆర్డరనుకున్నాడు. ఒంటిచేత్తో తీసి, చూసి, బండి మీదే ఆగిపోయాడు. ఆమె పేరు. చెవికి పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ ఆమెకు తన గొంతే సన్నగా, తొందర తొందరగా వినిపించింది, పొద్దుటి గొంతు, ఏమీ తెలియని గొంతు: "ఏవండీ, ఒకటి చెప్పనా, గోడౌన్లో వేలాడే పాత కాటా ఉంది చూశారా, దాని పళ్లెంలో పిచ్చుక గూడు పెట్టిందండీ, పిల్లలు కూడా ఉన్నయ్, నోళ్లు తెరుచుకుని... మామయ్యకు చెప్పకండి, దింపించి కడిగిస్తారు. పెందలాడే రండి, చూపిస్తా."

అతను ఫోను చెవి మీద నుంచి తీయకుండానే ఆమె వైపు చూశాడు.

"పోయినయ్యన్నావుగా?"

"మీరు ఉన్నాయన్నారుగా."

మామయ్య నీళ్ల చెంబు పట్టుకుని, "ఏందిరా, ఎవరి ఆర్డరు?" అని గడప దగ్గర్నుంచి కేకేశారు. "ఏం లేదు నాన్నా," అన్నాడు మురళీధర్. తెర మీద ఆమె పేరు ఇంకా వెలుగుతోంది. బొటనవేలు దాని పక్కనే ఉంది. "ఇది తుడవను బిందూ," అన్నాడు చాలా చిన్నగా, ఆమెకు మాత్రమే వినపడేలా.

హిమబిందు పసుపు సంచి భుజాన వేసుకుంది. చేతిలో చెమటకు తడిసిన పొట్లం అతని జేబులోనే తిరిగి పెట్టింది.

"కొట్టు కట్టనివ్వండి, చూద్దాం," అని లోపలికి, గోడౌన్ వైపు నడిచింది.